అషూలియాలో ఓటీ లెక్క

2024 ఫిబ్రవరిలో ఢాకా వెళ్లాను. అక్కడ బయింగ్ హౌస్‌లో, అంటే విదేశీ కంపెనీల బట్టల ఆర్డర్లు ఫ్యాక్టరీలకి ఇప్పించే సంస్థలో, పనిచేసే స్నేహితుడు ఉన్నాడు. "కోటలూ మసీదులూ తర్వాత చూద్దువుగాని, ముందు పొద్దున్నే అషూలియా రోడ్డు చూడు" అన్నాడు. ఢాకా శివార్లలో బట్టల ఫ్యాక్టరీలుండే చోటది. ఏడున్నరకే రోడ్డు రోడ్డంతా ఆడపిల్లలు. చేతిలో టిఫిన్ డబ్బా, మెడలో ఐడీ కార్డు, ఒకటే పరుగులాంటి నడక. బంగ్లాదేశ్ ఎగుమతుల్లో ఎనభై శాతం పైగా బట్టలే. ఆ అంకె నాకు ముందే తెలుసు, కానీ అది ఇలా చెప్పులు టపటపలాడిస్తూ ఎదురొస్తుందనుకోలేదు.

అతనితోపాటు నన్నూ ఒక ఫ్యాక్టరీ లోపలికి పంపారు. ప్రతి లైను చివరా తెల్లబోర్డు. గంటకి టార్గెట్ 110, అయినవి 94. కుట్టడం పూర్తయిన చొక్కాలకి వేలాడే దారాలు కత్తిరించే హెల్పర్ అమ్మాయి పక్కన నిలబడ్డాను. బొటనవేలు, చూపుడువేలు మధ్య చర్మం కత్తెర ఒరుసుకుని నల్లగా కాయ కాసింది. మాట్లాడుతున్నా చేయి ఆగలేదు.

భోజనాల వేళ తన పే స్లిప్ చూపించింది. 2023 డిసెంబర్ నుంచి అక్కడ కనీస వేతనం నెలకి 12,500 టాకాలు. కార్మికులు అడిగింది 23,000. ఆ గొడవల్లో ప్రాణాలు పోయినవాళ్లూ ఉన్నారు. స్లిప్‌లో నన్ను ఆపేసింది వేరే అంకె: బేసిక్ 6,700. మిగతాదంతా ఇంటద్దె, వైద్యం, రానుపోను ఖర్చు, తిండి అని ముక్కలు చేశారు. ఓవర్‌టైమ్‌కి, అదే ఓటీకి, రెట్టింపు ఇవ్వాలి, నిజమే. కానీ రెట్టింపయ్యేది ఆ బేసిక్కే. దాన్ని నెల పనిగంటలు 208తో భాగించి రెట్టిస్తే గంటకి 64 టాకాలు వస్తుంది. బేసిక్ ఎందుకంత తక్కువో అప్పుడు అర్థమైంది.

మర్నాడు శుక్రవారం, సెలవు. సావర్ వెళ్లాం. బట్టల ఫ్యాక్టరీలున్న రాణా ప్లాజా భవనం కూలిన చోట ఇప్పుడు ఖాళీ జాగా, ముందు సుత్తీ కొడవలీ పట్టిన రెండు పిడికిళ్ల శిల్పం. 2013 ఏప్రిల్ 24న అక్కడ 1,100 మందికి పైగా చనిపోయారు. ముందురోజే గోడలకి పగుళ్లొచ్చాయి. కింద ఉన్న బ్యాంకు తన ఉద్యోగుల్ని పంపేసింది. పై అంతస్తుల్లో కుట్టేవాళ్లని మాత్రం రమ్మన్నారు, రాకపోతే జీతం కోస్తామన్నారు. నెలాఖరు. వెళ్లారు.

తిరుగుదారిలో ఆ అమ్మాయి ఉండే రేకుల షెడ్డుకి వెళ్లాం, తనే రమ్మంది. వరసగా గదులు, అందరికీ కలిపి రెండు పొయ్యిలు, ఒక బోరింగు. తనూ, అక్కా ఒకే గదిలో. బకెట్టు నిండా నానబెట్టిన బట్టలు పక్కకి జరిపి మమ్మల్ని మంచం మీద కూర్చోబెట్టింది. రోజుకి పది గంటలు నిలబడటం గురించి అడిగాను. ఓవర్‌టైమ్ తగ్గించమని అంటుందేమో అనుకున్నాను, నా తెలివి అంతే. పోయిన నెల ఆర్డర్లు లేక ఓటీయే లేదట, దాదాపు మూడువేలు తగ్గాయట. ఊరికి పంపాల్సిన డబ్బు పంపలేదు. ఒకరోజు గేటు దగ్గర ఆలస్యమై హాజిరా బోనస్ కూడా పోయింది.

టీ గ్లాసులు అందిస్తూ నన్ను వదిలేసి నా స్నేహితుడి వైపు తిరిగింది. ఆర్డర్ల సంగతి తెలిసేది అతనికే కదా.

"భాయ్, ఈ నెల ఓటీ ఉంటుందా?"

అతను టీలో ఈగ పడ్డట్టు గ్లాసులోకే చూస్తూ కూర్చున్నాడు.