రెసిడెన్సీ కాగితం ఎవరి చేతిలో ఉంటుంది? దుబాయ్, జర్మనీ దారులతో నా అనుభవం

హన్మకొండలో ఏ కన్సల్టెన్సీకి పోయినా మొదటి ప్రశ్న "ఏ దేశం పోతరన్నా?" అనే. నాకు అంతకంటే ముందు తేలాల్సింది ఒకటుంది: నన్ను అక్కడ ఉండనిచ్చే కాగితం కంపెనీ చేతిలో ఉంటుందా, నా లైసెన్స్ మీద నడుస్తుందా, నా డిగ్రీ మీద నిలబడుతుందా? దుబాయ్ ఉద్యోగ వీసా, దుబాయ్‌లోనే సొంత వ్యాపార లైసెన్స్, జర్మనీ బ్లూ కార్డ్ (డిగ్రీ ఉన్న ఉద్యోగులకు ఇచ్చే నివాస అనుమతి), ఈ మూడింటినీ ఆ లెక్కనే తూచుకున్నాను.

ఉద్యోగ వీసా అన్నిట్లోకీ తేలిక. రెండేళ్లది. ఎంట్రీ పర్మిట్ మీద దిగి మెడికల్, వేలిముద్రలు, ఎమిరేట్స్ ఐడీ పూర్తి చేసుకోవాలి. ఈ ఖర్చు కంపెనీదే అంటుంది అక్కడి చట్టం. ఇక్కడి ఏజెంటు 30,000 రూపాయలు, 18 శాతం జీఎస్టీ కలిపి 35,400 దాటి తీసుకోకూడదు. జగిత్యాల, సిరిసిల్ల దిక్కు ఎవరైనా లక్షల్లో అడిగితే రసీదు అడిగి చూడండి, మాట మారుతుంది. పదో తరగతి పాస్ కానివాళ్ల పాస్‌పోర్ట్ ఈసీఆర్ (పనికి పోయేముందు ప్రభుత్వ అనుమతి కావాలనే ముద్ర) కిందికి వస్తుంది, వాళ్లకు ఈ-మైగ్రేట్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో క్లియరెన్స్ తప్పనిసరి. దాంతోపాటే ప్రవాసీ భారతీయ బీమా యోజన: రెండేళ్లకు 275 రూపాయల ప్రీమియం, 10 లక్షల బీమా. "విజిట్ మీద పోండి, అక్కడ మారుస్తం" అన్న మాట నమ్మితే ఈ రెండూ పోయినట్టే.

ఆజాద్ వీసా గురించి ఒక్క మాట. అట్లాంటి వీసా ఏ చట్టంలోనూ లేదు. కాగితం మీద కఫీల్ (వీసా ఇప్పించిన యజమాని) ఒకరు, పని ఇంకోచోట. కఫీల్ "పారిపోయిండు" అని రాసిచ్చిన రోజే ఖల్లివెల్లి, అంటే కాగితం లేని మనిషి.

సొంత లైసెన్స్ దారిలో ఎవరి కిందా ఉండం, కానీ చిల్లర ఖర్చులు ఎక్కువ. ప్రకటనల్లో కనిపించే ప్యాకేజీ ధర చాలాసార్లు ఉత్త లైసెన్స్‌కే. అందులో వీసా కోటా సున్నా ఉండొచ్చు. ఎస్టాబ్లిష్‌మెంట్ కార్డ్ (వీసాలు తీయడానికి కంపెనీకి ఉండాల్సిన కార్డు), మెడికల్, ఐడీ, డెస్క్ అద్దె విడివిడిగా రాయించుకుని కూడితేగానీ అసలు లెక్క తెలియదు. వీసా రెండేళ్లదైనా లైసెన్స్ ఏటా రెన్యువల్ చేయించాలి. రెండో ఏడు ఖర్చు మొదటిరోజే అడగాలి. యాక్టివిటీ ఏం రాయించామో అదే చేయాలి: కన్సల్టెన్సీ అని రాయించి సరుకు అమ్మితే ముందు బ్యాంకే నిలదీస్తుంది. ఫ్రీ జోన్ (విదేశీ వ్యాపారాలకు కేటాయించిన ప్రత్యేక ప్రాంతం) లైసెన్స్‌తో ఊళ్లో షట్టర్ తెరవలేం. టైలరింగ్, మొబైల్ రిపేరు, మెస్ లాంటివాటికి ఊళ్లో పని చేయనిచ్చే మెయిన్‌ల్యాండ్ లైసెన్సే కావాలి. 2021 జూన్ నుంచి చాలా వ్యాపారాల్లో వంద శాతం వాటా మనదే ఉండొచ్చు, స్థానిక భాగస్వామి అక్కర్లేదు. లాభం 3,75,000 దిర్హాములు దాటితే దాటినదాని మీద 9 శాతం కార్పొరేట్ ట్యాక్స్. కంపెనీగా పెడితే లాభం లేకున్నా రిజిస్టర్ చేసుకోవాలి, గడువు దాటితే జరిమానా 10,000 దిర్హాములు.

కంపెనీ స్పాన్సర్ అక్కర్లేని అయిదేళ్ల గ్రీన్ వీసా ఊరిస్తుంది. ఉద్యోగికి డిగ్రీ, నెలకు 15,000 దిర్హాముల జీతం కావాలి. ఫ్రీలాన్సర్ అయితే గడిచిన రెండేళ్లలో సొంత పని మీద 3,60,000 దిర్హాముల ఆదాయం చూపాలి. కొత్తగా పోయేవాళ్లకు ఇది రెండో మెట్టు.

జర్మనీ బ్లూ కార్డ్‌కు 2025లో ఏడాదికి 48,300 యూరోల జీతం అడిగారు. కొరత ఉన్న వృత్తులకు, కొత్త పట్టభద్రులకు 43,759.80. ఇది కోతలకు ముందు జీతం, చేతికొచ్చేది బాగా తక్కువ. విదేశీ డిగ్రీల విలువ చెప్పే జర్మనీ జాబితా అనాబిన్‌లో యూనివర్సిటీకి హెచ్ ప్లస్ (గుర్తింపు ఉందని గుర్తు) ఉన్నంత మాత్రాన సరిపోదు, మన డిగ్రీ పేరు కూడా అక్కడ ఉండాలి. లేకుంటే 208 యూరోలు కట్టి విదేశీ చదువులను తూచే జర్మన్ ఆఫీసు జెడ్‌ఏబీ నుంచి పత్రం తెప్పించుకోవాలి. దీని బలమంతా తర్వాత ఉంది: 27 నెలలకు, జర్మన్ భాషలో బీ1 స్థాయి వస్తే 21 నెలలకే శాశ్వత నివాసం. ఇల్లు కట్టించడానికో, పెళ్లి పనులకో వచ్చి ఇక్కడే ఉండిపోయినా 12 నెలల దాకా బ్లూ కార్డ్ పోదు. దుబాయ్ మామూలు రెసిడెన్సీ 6 నెలలు దాటి బయట ఉంటే రద్దయిపోతుంది.

ఏ దారైనా అడ్డం పడేది మన కాగితాలే. టెన్త్ మెమోలో ఇంటిపేరు ముందు, డిగ్రీలో ఉత్త ఇనీషియల్, పాస్‌పోర్ట్‌లో సర్‌నేమ్ గడి ఖాళీ. 2022 నవంబర్ నుంచి పాస్‌పోర్ట్‌లో పేరు ఒక్క మాటే ఉంటే యూఏఈ విజిట్ వీసా ఇవ్వడం లేదు. రీ-ఇష్యూకు 1,500 రూపాయలు. అప్పుడే టెన్త్ పాస్ మెమో పెడితే ఈసీఆర్ కూడా తీసేస్తారు.

డిగ్రీకి ప్రొవిజినల్ చెల్లదు, ఓడీ (ఒరిజినల్ డిగ్రీ) కావాలి. ముందు రాష్ట్ర ప్రభుత్వ అటెస్టేషన్, తర్వాత విదేశాంగ శాఖ, ఆపైన యూఏఈ ఎంబసీ, చివరికి అక్కడికి పోయాక వాళ్ల విదేశాంగ శాఖ.  స్టాంపులు సర్టిఫికెట్ వెనుక పడతాయి, మనమేమో పదిలంగా ఉంటుందని లామినేషన్ చేయించి పెడతాం. నా ఓడీకి ఆ ప్లాస్టిక్ ఊడదీయించేసరికి ఒక మూల చిరిగింది. మీది ఇప్పటికే లామినేషన్ అయి ఉంటే గీకకండి, యూనివర్సిటీలో డూప్లికేట్‌కు దరఖాస్తు పెట్టండి.

చివరికి నేను లైసెన్స్ దారే పట్టాను. దానికి డిగ్రీ అక్కర్లేదు. అయినా అటెస్టేషన్ పోయేముందే చేయించాను: రేపు గ్రీన్ వీసాకు మారాలంటే అసలు సర్టిఫికెట్‌ను కొరియర్‌లో దుబాయ్ నుంచి హైదరాబాద్ తిప్పడం నాకు ఇష్టం లేదు.