పిల్లాడు బండెక్కాక

నా పని ఇంట్లోంచి పారిపోయి వచ్చిన పిల్లలతో కాదు, ఆ పిల్లలతో కూర్చుని మాట్లాడే వలంటీర్లతో. ఊళ్ళో మా అమ్మకు ఈ సంగతి ఎన్నిసార్లు చెప్పినా ఎక్కదు. "మరి నువ్వేం చేస్తవే?" అంటుంది. చాయ్ పెడతాను, ఆటో ఛార్జీల లెక్క రాస్తాను, వాళ్ళు చెప్పేది వింటాను. నిజానికి జీతం ఆ మూడోదానికే.

మా ఆయనకు బొగ్గుగనిలో ఉద్యోగం కాబట్టి మహారాష్ట్రలోని బల్లార్షా వచ్చాం. మంచిర్యాల నుంచి రైల్లో ఎంతో దూరం లేదు. అయినా వార్ధా నది దాటితే బోర్డులూ బస్సులూ ఆఫీసు కాగితాలూ అన్నీ మరాఠీ. బజార్లో నేను 'తాయి'ని, కాలనీలో 'అక్క'ని. గని క్వార్టర్లలో, పేపర్ మిల్లు చుట్టుపక్కల కరీంనగర్, ఆదిలాబాద్ వైపు నుంచి తాతల నాడు వచ్చిన కుటుంబాలు చాలానే ఉన్నాయి. ఇంట్లో తెలుగు, వాకిలి దాటితే మరాఠీ, కోపమొస్తే హిందీ.

మధ్య రైల్వే, దక్షిణ మధ్య రైల్వే కలిసేది ఈ స్టేషన్లోనే. తెలంగాణ ఎక్స్‌ప్రెస్, గ్రాండ్ ట్రంక్, నవజీవన్ అన్నీ ఇక్కడ ఆగాల్సిందే. వరంగల్‌లోనో కాజీపేటలోనో కోపంగా బండెక్కిన పిల్లాడికి కోపం దిగి ఆకలి మొదలయ్యేది సరిగ్గా ఇక్కడికొచ్చేసరికే. స్టేషన్ గోడల నిండా ఈ జిల్లాలోని తాడోబా అడవి పులుల బొమ్మలు. 2018లో అందమైన స్టేషన్ల పోటీలో చంద్రపూర్, బల్లార్షా కలిసి మొదటి బహుమతి కొట్టింది వాటితోనే. ఆ పులుల్ని చూడ్డానికి దిగే పిల్లలు దొరికిపోతారని ఒక రైల్వే రక్షణ దళం (ఆర్పీఎఫ్) కానిస్టేబుల్ జోక్ చేస్తుంటాడు.

దొరికిన పిల్లాణ్ణి ప్రయాణ సమయం పోను 24 గంటల్లో సీడబ్ల్యూసీ ముందు హాజరుపరచాలి. చైర్‌పర్సన్‌తో కలిపి ఐదుగురుండే ఆ బాలల సంక్షేమ సమితి ఉండేది జిల్లా కేంద్రం చంద్రపూర్‌లో. అక్కడ మాటంతా మరాఠీలో నడుస్తుంది. పిల్లాడికి తెలుగు తప్ప ఏదీ రాదు. సొంత జిల్లాకు పంపించే ఉత్తర్వు వచ్చేదాకా వాడు పిల్లల హోంలో ఉంటాడు. ఆ రోజుల్లో వాడి పక్కన కూర్చోవడానికి తెలుగు వచ్చిన పెద్దమనిషి ఒకరు కావాలి. ఆ పెద్దమనుషులే మా వలంటీర్లు.

వాళ్ళలో ఒకాయన్ని అందరం కాకా అంటాం. గనిలో రిటైరయ్యాడు. పెద్దపల్లి వైపు ఊరు. చిన్నప్పుడు నాన్న కొట్టాడని టికెట్ లేకుండా బండెక్కి ఇక్కడే దిగాడట. హోటల్లో గిన్నెలు కడిగాడు, తర్వాత గనిలో పడ్డాడు. వచ్చిన ప్రతి పిల్లాడికీ ఈ కథ చెప్పేవాడు. పిల్లలు నోరు తెరుచుకుని వినేవాళ్ళు. ఒకడైతే విన్నాక, "అంటే గనిల పర్మనెంట్ నౌకరీ ఇస్తరా తాతా?" అని అడిగాడు. కాకా కథలో గిన్నెలు కడగడానికీ గనిలో చేరడానికీ మధ్య ఉన్న ఏళ్ళు ఉండవు. ఆ ఏళ్ళ సంగతి నాతో ఒకసారి చెప్పాడు, అది ఇక్కడ రాసేది కాదు. "కాకా, నీ కథ నాకు చెప్పు, వానికి చెప్పకు" అన్నాను. కొన్నాళ్ళు ముఖం ముడుచుకున్నాడు, కానీ మానేశాడు. ఇల్లు వదిలి వచ్చినవాళ్ళకే పిల్లల బాధ బాగా తెలుస్తుందని మా సంస్థలో ఒక నమ్మకం. బాధ తెలుస్తుంది, నిజమే. కాకపోతే ఎదుటివాడి బాధలో తన బాధ చూసుకోవడం కూడా వాళ్ళకే ఎక్కువ.

మొదటి రోజు "ఎందుకు పారిపోయినవ్?" అని అడగొద్దని అందరికీ చెప్తాను. ఆ ప్రశ్న పోలీసులు అడిగారు, స్టేషన్లో పిల్లల హెల్ప్ డెస్క్ వాళ్ళు అడిగారు, సమితిలోనూ అడుగుతారు. ఏ బండిలో వచ్చావు, సీటు దొరికిందా, దారిలో ఏం తిన్నావు అని అడిగితే పిల్లాడు తనంత తనే మొదలుపెడతాడు. ఫోన్ నంబర్ ఇవ్వకూడదు, డబ్బు చేతిలో పెట్టకూడదు, "మా ఇంటికి రా" అనకూడదు. వస్తువులు కూడా ఇవ్వొద్దనే ఉంది. టైలరింగ్ చేసే అక్క ఒకామె పిల్లాడి స్కూల్ బ్యాగు తెగిన పట్టీకి పాత జీన్స్ ముక్క వేసి, నాలుగు వరసలు దగ్గర దగ్గరగా కుట్టి తెచ్చింది. అది కానుక కిందికి వస్తుందా రాదా అని నేను ఎవర్నీ అడగలేదు.

అన్నిటికంటే కష్టమైన నియమం "ఎవరికీ చెప్పనని మాటివ్వొద్దు" అన్నది. పిల్లాడు నమ్మి తనమీద జరిగిన లైంగిక దాడి సంగతి చెప్తే, 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం దాచడం నేరం. విన్న రోజే పైకి చెప్పాలి. చెప్పాక వలంటీర్ ఇంటికి వెళ్తాడు. భార్యతో అనలేడు, దోస్తుతో అనలేడు. అన్నం ముందు కూర్చుంటే అదే గుర్తొస్తుంది. అందుకే అలాంటి రోజు రాత్రి భోజనాల వేళ దాటాక నేనే ఫోన్ చేస్తాను. పెద్దగా సలహాలేం ఉండవు. "టెన్షన్ పడకు" అని అసలే అనను. వాళ్ళు చెప్పిందే మళ్ళీ చెప్తారు, వింటాను.

ఇంత బరువు మోస్తున్నారు కదా, దానివల్లే మానేస్తారనుకునేదాన్ని. కానీ మానేసినవాళ్ళు చెప్పిన కారణం వేరు. కాలేజీ కుర్రాడు ఒకడు చాలా బాగా చేసేవాడు. ఒక పిల్లాడితో రోజూ కూర్చుని, అలిగితే బుజ్జగించి, చివరికి సొంత జిల్లాకు వెళ్ళడానికి ఒప్పించాడు. ఎస్కార్ట్‌తో పిల్లాడు బండెక్కాడు. అంతే. చేరాడా, అమ్మ వచ్చిందా, అక్కడి హోంలో ఉన్నాడా, ఒక్క కబురూ లేదు. "అక్కా, నేను చేసింది ఎటు పోయిందో నాకే తెల్వది" అని ఆ నెలలోనే రావడం ఆపేశాడు.

కబురు ఎందుకు చెప్పరని ఎవర్నడిగినా చట్టం అంటారు. 2015 నాటి బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ పిల్లల పేరు, ఊరు, బడి బయటపెట్టొద్దంటుంది. మంచి సెక్షనే. నేనూ ఇక్కడ గుర్తులన్నీ మార్చే రాస్తున్నాను. కానీ "చేరాడు, బాగున్నాడు" అన్న ఒక్క మాటలో పేరేముంది, ఊరేముంది? ఆ మాట కోసం ఇప్పుడు నేను నది అవతలి జిల్లాల ఆఫీసులకు ఫోన్లు చేస్తుంటాను. వాళ్ళకూ వంద పనులు. విసుక్కున్నా చాలామంది చెప్తారు. శనివారం మీటింగులో చాయ్ కంటే ముందు ఆ కబురు చెప్తాను. కబురు లేకపోతే లేదనే చెప్తాను.

అన్నీ మంచి కబుర్లే ఉండవు. కాకా పంపిన పిల్లాడొకడు మళ్ళీ వచ్చాడు. ఇంట్లో తండ్రి తాగుడు మారలేదు. ఈసారి ఎవరూ పట్టుకోలేదు, తనే స్టేషన్ డెస్క్ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. నాకు అందులో ఎంతో కొంత మంచి కనిపించింది, కాకాకు కనిపించలేదు. "ఇంత చెప్పి పంపితే మళ్ల వచ్చిండు, నేను చూడ" అని ఒక రోజంతా హోం వైపు రాలేదు. ఇలాంటి కుటుంబాలకు కేంద్ర పథకం మిషన్ వాత్సల్య కింద పిల్లాడికి నెలకు 4,000 రూపాయల స్పాన్సర్‌షిప్ దొరికే వీలుంది, అక్కడి ఆఫీసుకు రాద్దామన్నాను. "నాలుగు వేలిస్తే వాడు తాగుడు బంజేస్తడా?" అన్నాడు. జవాబు నా దగ్గర లేదు. పిల్లాడి పేర తల్లితో ఖాతా తెరిపించమని అడుగుతూ ఉత్తరమైతే రాశాం. మర్నాడు కాకా వెళ్ళి పిల్లాడితో కూర్చున్నాడు. ఏం మాట్లాడుకున్నారో చెప్పలేదు.

ఇప్పుడు నా తలనొప్పి ఆడవాళ్ళు. ఆడపిల్లలూ వస్తున్నారు, తెలుగు వచ్చిన మహిళా వలంటీర్లు చాలరు. ఉన్నదాంట్లో టైలరింగ్ అక్కే అన్నిటికీ పరిగెత్తాలి, షాపు మూసినప్పుడల్లా ఆ పూట సంపాదన పోతుంది. ఆటో డబ్బులు ఇవ్వగలం గానీ అది ఇవ్వలేం. బతుకమ్మ రోజుల్లో కాలనీలో ఇంటింటికీ ఫారాలు పంచాను. మనసున్నవాళ్ళు ఉన్నారు, కానీ పోలీస్ వెరిఫికేషన్ అనగానే అత్తగార్లు "మా ఇంటికి పోలీసులెందుకు?" అంటారు. అది తప్పించే వీల్లేదు, తప్పించకూడదు కూడా. ఒకామె భర్త ఫారం తీసుకుని, చదివి చెప్తానన్నాడు. రేపు ఆయన ఫస్ట్ షిఫ్ట్ దిగి వచ్చే వేళకు మళ్ళీ వెళ్ళి అడగాలి.