ఈ చిన్నది ఎవరిది?

"మీరు మీ భూమి పంటను కోయునప్పుడు నీ పొలముయొక్క ఓరలను పూర్తిగా కోయకూడదు, నీ కోతలో పరిగెను ఏరుకొనకూడదు." బైబిల్, లేవీయకాండము 19:9.

కోతల పండుగకి మా సంఘంలో ఏటా చదివే వాక్యం ఇది. చదివి, ఆమేన్ అని, గుమ్మడికాయలూ అరటిగెలలూ నాటుకోళ్ళూ వేలం పాడుకుని ఇళ్ళకి వచ్చేసేవాళ్ళం. పోయిన పండుగకి మాత్రం వాక్యం చదువుతుండగానే అమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకోవడం చూశాను. బయటికొచ్చాక ఏంటమ్మా అని అడిగితే, "పరిగె అన్న మాట చిన్నప్పట్నుంచీ వింటూనే ఉన్నాను గానీ, దేవుడు చెప్పింది నేను ఏరిన పరిగె గురించేనని ఇవాళే తట్టింది నాయనా" అంది.

ఇప్పటి పిల్లలకి పరిగె అంటే తెలియకపోవచ్చు. వరి కోసి, కట్టలు కట్టి, కుప్ప వేశాక మడిలో రాలి మిగిలిపోయిన వెన్నులే పరిగె. అమ్మవాళ్ళది బాపట్ల వైపు పల్లె. ఎనిమిదో ఏటనుంచే తెల్లారకముందు మంచులో బయల్దేరి, కొయ్యకాళ్ళు అరికాళ్ళలో గుచ్చుకుంటున్నా ఒక్కో వెన్నూ ఏరి పరికిణీ ఒళ్లో వేసుకునేదట. ఇంటికి తెచ్చి, చాప మీద పోసి కాళ్ళతో నలిపి, చేటతో చెరిగితే సోలెడు గింజలు, అదృష్టం బాగుంటే తవ్వెడు. అది కూడా రైతు కంట పడకపోతేనే. పడితే గట్టు మీద నించుని "ఎవరిదిరా ఆ పిల్ల? ఏ పల్లె?" అని అరిచేవాళ్ళు. మాదిగపల్లె అని చెప్పగానే ఒళ్లో ఉన్నదంతా అక్కడే కుమ్మరించి పొమ్మనేవాళ్ళు. కాళ్ళ పుళ్ళు మానిపోయాయి, ఆకలీ తీరిపోయింది, ఆ ప్రశ్న మాత్రం అరవై ఏళ్ళయినా అమ్మ చెవుల్లో అలాగే ఉంది.

ఆ రాత్రి ఇంటికొచ్చి బైబిల్లో రూతు గ్రంథం తీశాను. రెండో అధ్యాయంలో బోయజు అనే ఆసామి తన చేలోకి వచ్చి, పరిగె ఏరుకుంటున్న రూతు అనే కొత్త అమ్మాయిని చూసి పనివాడిని అడిగిన మొదటి మాట ఏమిటో తెలుసా? "ఈ చిన్నది ఎవరిది?" అచ్చం అదే ప్రశ్న. ఎన్నిసార్లు చదివానో ఆ అధ్యాయం, ఎప్పుడూ అక్కడ ఆగలేదు. మోయాబు దేశం నుంచి వచ్చిన పరాయి పిల్ల అని పనివాడు చెప్పాడు. ఆ జవాబు విన్న బోయజు ఒళ్లో గింజలు కుమ్మరించమనలేదు. వేరే చేలోకి వెళ్ళకమ్మా అన్నాడు, దాహమైతే మా కుండల్లో నీళ్ళు తాగు అన్నాడు. పనివాళ్ళని పిలిచి, పనల మధ్య కూడా ఏరుకోనివ్వండి, అవమానపరచకండి, కట్టల్లోంచి కొన్ని కావాలనే లాగి పడెయ్యండి అని చెప్పాడు. సాయంత్రం దుళ్లగొట్టుకుంటే దాదాపు తూమెడు యవలు, అంటే బార్లీ గింజలు, అయ్యాయి. సోలెడు ఎక్కడ, తూమెడు ఎక్కడ!

లేవీయకాండంలో తర్వాతి వచనం కూడా చూడండి. బీదలకీ పరదేశులకీ "విడిచిపెట్టవలెను" అని ఉంది, ఇవ్వమని లేదు. ఇవ్వాలంటే ఒకళ్ళు పైన నించోవాలి, ఇంకొకళ్ళు చెయ్యి చాపాలి, మధ్యలో ఫోటో తీసేవాళ్ళు కూడా ఉంటారు ఈ రోజుల్లో. విడిచిపెట్టినదాన్ని పేదవాళ్ళు తమ చేతులతో తామే ఏరుకుంటారు, అది వాళ్ళ కష్టం. చేను రైతుదే, కానీ ఆ ఓర, అంటే చేను అంచు, మాత్రం దేవుడు ముందే ఇంకొకళ్ళ పేరున రాసేశాడు. అందుకే దాన్ని దానం అనడం నాకు సరిగా అనిపించదు, అది వాళ్ళ వాటా.

ఇప్పుడు పరిగె కూడా లేదు. కోత మిషన్ వచ్చి గంటలో ఎకరం కోసి పోసి వెళ్ళిపోతోంది. మరి మన ఓర ఎక్కడుందని సంఘంలో మాట వచ్చినప్పుడు, స్త్రీల సమాజంవాళ్ళు పిడికెడు బియ్యం సంగతి ఎత్తారు. తెలుగు సంఘాల్లో చాలామందికి తెలిసిన పద్ధతే. ఎసట్లో బియ్యం పోసే ముందు అందులోంచి ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేసి, ఆదివారం చర్చికి తెస్తారు. మా దగ్గర ఆ బియ్యం అమ్మి సంఘం ఖర్చులకి వాడేవాళ్ళం. ఇకనుంచి పేదవాళ్ళకే వదిలేద్దాం అన్నారు. అందరూ సరే అన్నారు. ఏ పేదవాళ్ళకి అనేసరికి గొడవ మొదలైంది. కాలవ కట్ట మీద పది పన్నెండు యానాది గిరిజన కుటుంబాలున్నాయి, వాళ్ళకి కూడా అని మేమంటే, "వాళ్ళు మన సంఘస్థులు కారుగా, ముందు చర్చికి వచ్చేవాళ్ళ సంగతి చూడండి" అన్నారు ఒక పెద్దాయన. ఆయన చెడ్డవాడేం కాదు, ఎవరింట్లో చావు జరిగినా ముందు నించునేది ఆయనే. కానీ అమ్మని అడిగిన ప్రశ్న మా నోట్లోంచే వస్తోందని నాకు ఒళ్ళు మండిపోయింది, గట్టిగానే మాట్లాడాను.

గొడవని చల్లార్చింది రిటైరైన మా టీచరుగారు. ఆవిడ ఒంగోలు సంగతి చెప్పారు. 1876 నుంచి 78 దాకా కరువులో జనం రోడ్ల పక్కన రాలిపోతుంటే, అక్కడి బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తానే తీసుకున్నారు. వేరేచోట్ల పనికి పోతే మేస్త్రీల తిట్లూ దెబ్బలూ, కూలీలో కోతలూ ఉండేవి. ఈయన తన బోధకులనే పని మీద పెట్టి, చెమటోడ్చినవాళ్ళకి కూలి డబ్బు చేతిలో పెట్టించారు. బాప్తిస్మం కావాలని మాదిగలు వందలకొద్దీ వచ్చి అడిగినా, కరువు సాయం సాగినన్నాళ్ళూ ఇవ్వలేదు. అన్నం కోసం నమ్మారన్న మాట ఎవరికీ రాకూడదని. సాయం ఆగిపోయాక కూడా వాళ్ళు వచ్చారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. "ఆ లెక్క మనం గర్వంగా చెప్పుకుంటాం, దానికి ముందు ఆయన ఎందుకు ఆగాడో చెప్పుకోం" అన్నారు టీచరుగారు. ఇంకోమాట కూడా అన్నారు. 1985 జూలైలో కారంచేడులో ఆరుగురు మాదిగలని చంపేస్తే, ప్రాణాలు అరచేత పట్టుకుని పరిగెత్తినవాళ్ళు చీరాలలో చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. ఆ రోజు గేటు దగ్గర సంఘస్థుల పుస్తకం ఎవరైనా తెరిచి చూశారా అని అడిగారు. పెద్దాయన చాలాసేపు తల దించుకుని కూర్చున్నారు, తర్వాత డబ్బా తానే కొనిస్తానన్నారు.

అలా చర్చి వరండాలో బియ్యం డబ్బా పెట్టాం. పక్కన ఒక కొలత గ్లాసు, అంతే. పేర్లు రాసే పుస్తకం లేదు, పంచేవాళ్ళూ లేరు. కావలసినవాళ్ళు వచ్చి తీసుకెళ్తారు.

అయితే బియ్యంతో అయిపోయే విషయం కాదని త్వరలోనే అర్థమైంది. డబ్బా దగ్గరికి వచ్చేవాళ్ళలో సగం మందికి రావలసిన పెన్షనో, రేషన్ కార్డో, ఉపాధి పని కూలో ఎక్కడో ఆగిపోయి ఉంది. తన వాటా అందనివాళ్ళకి నా డబ్బాలోంచి పిడికెడు పెట్టి పుణ్యం చేశాననుకుంటే ఎలా? అందుకే శనివారం సాయంత్రాలు అదే వరండాలో ఒక బల్ల వేసి, మా యువజనులు అప్లికేషన్లు నింపుతున్నారు, సోమవారం ఎవరో ఒకరు వాళ్ళ వెంట ఆఫీసుకి వెళ్తున్నారు. ఒక యానాది ముసలామెకి వేలిముద్ర పడక నెలలు గడిచాయి, నాలుగుసార్లు తిరిగితే గానీ పని కాలేదు. ప్రార్థన కూటానికి రాలేదేమని ఆ కుర్రాళ్ళని ఎవరూ నిలదీయకండి దయచేసి. వాళ్ళు వెళ్ళింది కూడా దేవుని పని మీదే.

రెండు వారాల క్రితం మా సంఘం కుర్రాడే, ఇంటర్ అయినవాడు, కుల ధ్రువీకరణ పత్రం ఫారం పట్టుకొచ్చాడు. అన్నీ నింపి మతం అన్న గడి దగ్గర పెన్ను ఆపి "అన్నా, ఇక్కడ ఏం రాయను?" అన్నాడు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వులో మూడో పేరా ప్రకారం హిందువు అయితేనే షెడ్యూల్డ్ కులం, తర్వాత 1956లో సిక్కుల్నీ 1990లో బౌద్ధుల్నీ చేర్చారు గానీ క్రైస్తవుల్ని చేర్చలేదు. క్రైస్తవుడని రాస్తే ఇక్కడ వెనుకబడిన తరగతుల్లో బీసీ-సీ, ఒక్క శాతం రిజర్వేషన్. వాళ్ళ తాత బాప్తిస్మం తీసుకున్నా వాళ్ళ ఇల్లు ఇంకా మాదిగపల్లెలోనే ఉంది, ఊళ్ళో పిలిచే పిలుపు మారలేదు. మోయాబు పిల్లకి ఓరలో వాటా ఇచ్చేటప్పుడు నీ దేవుడెవరని ధర్మశాస్త్రం అడగలేదు. ఈ పిల్లవాడిని మాత్రం అడుగుతున్నారు. అబద్ధం రాయమని నేను చెప్పలేను, హక్కు వదులుకోమనీ చెప్పలేను. ఇద్దరం ఆ కాగితం వంక చూస్తూ కూర్చున్నాం. అమ్మ డబ్బాలో బియ్యం పోసి వచ్చి, విషయం విని, వాడి తల నిమిరి "ఇంకా అడుగుతూనే ఉన్నారా నాయనా" అంది.

ఆ గడి ఇంకా ఖాళీగానే ఉంది. ఈ శనివారం వాడు మళ్ళీ వస్తానన్నాడు, ఈ కేసులు తెలిసిన ఒక లాయరుగారిని కూడా రమ్మన్నాం. ఆరింటికి బల్ల వేస్తాం. ఆ పిల్లవాడి కోసం ప్రార్థన చేయండి, వీలైనవాళ్ళు ఒక పెన్ను పట్టుకుని రండి.