ఐదు రోజుల హాజరు పట్టీ

మా పెదనాన్న ఇరిగేషన్ శాఖలో 34 ఏళ్లు పనిచేసి సూపరింటెండెంటుగా రిటైరయ్యారు. రాజమండ్రిలో సొంత ఇల్లు, పెన్షను, బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్లు, నెల మొదటి వారంలో పాసుబుక్కులో ఎంట్రీలు వేయించుకుని రావడం, ఇదీ ఆయన జీవితం. 2024 డిసెంబరులో, తన 73వ ఏట, ఐదు రోజుల్లో ఆయన 23 లక్షల రూపాయలు పోగొట్టుకున్నారు. పోగొట్టుకున్నారనడం కూడా సరికాదేమో. ఫోన్‌లో పోలీసులమని నమ్మించిన దొంగలు ఆయన చేతనే సంతకం పెట్టించి, రెండు విడతలుగా పంపించుకున్నారు. తన పేరు రాయకూడదన్న ఒక్క షరతు మీద దీన్ని రాయడానికి ఆయన ఒప్పుకున్నారు.

మొదట వచ్చినది రికార్డు చేసిన గొంతు. టెలికాం నియంత్రణ సంస్థ నుంచి మాట్లాడుతున్నామని, రెండు గంటల్లో మీ నంబరు ఆగిపోతుందని, వివరాలకు తొమ్మిది నొక్కమని చెప్పింది. తొమ్మిది నొక్కగానే ఒక మనిషి లైన్‌లోకి వచ్చి, మీ ఆధార్ మీద ముంబైలో ఇంకో సిమ్ తీసుకున్నారని, దానితో తెరిచిన ఖాతాలో అక్రమ డబ్బు చేతులు మారిందని చెప్పి, ‘ముంబై పోలీసు’లకు కలిపాడు. ఆ తరువాతదంతా వాట్సాప్ వీడియో కాల్‌లోనే జరిగింది. ఖాకీ దుస్తుల్లో ఒకాయన, ఆయన వెనుక గోడ మీద మూడు సింహాల చిహ్నం, కాసేపటికి సీబీఐ పేరుతో ఒక ఉత్తరం. ఆ ఉత్తరాన్ని పెదనాన్న పాత అలవాటు కొద్దీ శ్రద్ధగా పరిశీలించారట. విషయం, సూచిక, తేదీ, నంబరు, ముద్ర, కింద సంతకం, అన్నీ ఉండవలసిన చోటనే ఉన్నాయి. జీవితమంతా ఫైళ్ల మధ్య గడిపిన మనిషికి అంతకంటే వేరే రుజువు ఏం కావాలి?

మిమ్మల్ని ‘డిజిటల్ అరెస్టు’ చేశాం, కెమెరా ఆపకూడదు, గది దాటకూడదు, ఎవరికీ చెప్పకూడదు అన్నారు. ఈ మాట పెదనాన్న అంతకుముందు విననిది కాదు. 2024 అక్టోబరు 27న ప్రధానమంత్రి ‘మన్ కీ బాత్’లో ఈ మోసం గురించే చెప్పారు, దాన్ని పెదనాన్న టీవీలో విన్నారు కూడా. మరి ఎలా నమ్మారని అడిగితే, “అది దొంగల గురించి కదరా, వీళ్లు నా ఆధార్ నంబరు పొల్లు పోకుండా చెప్పారు” అన్నారు. ఆ జవాబు విని నాకు నవ్వు రాలేదు.

ఆ ఐదు రోజులకూ ఆయన ఒక లాంగ్‌నోట్‌బుక్‌లో హాజరు పట్టీ రాసుకున్నారు. ఎవరూ రాయమనలేదు, ఆయనే రాశారు. “ఉ. 10.15: ఐ.ఓ. (దర్యాప్తు అధికారి) గారికి రిపోర్టు చేయడమైనది. మ. 1.00: భోజనము నిమిత్తం 20 నిమిషముల అనుమతి కోరడమైనది. మంజూరు. రా. 9.30: ఫోను ఛార్జింగులో ఉంచి, కెమెరా మంచము వైపు త్రిప్పవలెనని ఆదేశము.” మూడో రోజు పేజీలో, ఎర్ర ఇంకుతో గీత కొట్టి: “వెరిఫికేషన్ నిమిత్తం రూ. 14,00,000 (అక్షరాల పద్నాలుగు లక్షల రూపాయలు మాత్రమే) జమ చేయడమైనది. రసీదు అందినది.” దాని కిందనే, చిన్న అక్షరాలతో, “బి.పి. మాత్ర వేసుకొనలేదు.” నేను ఆ పుస్తకం చదివినంతసేపూ పెదనాన్న నా ఎదురుగానే కూర్చుని కిటికీ బయటకు చూస్తున్నారు.

మొదటి విడత తొమ్మిది లక్షలు, రెండో విడత పద్నాలుగు. రెండుసార్లూ ఆటోలో బ్యాంకుకు వెళ్లారు, చొక్కా జేబులో ఫోను, కాల్ నడుస్తూనే ఉంది. గడువు తీరని డిపాజిట్టు తీసేస్తే వడ్డీ పోతుంది కదండీ, ఇంత మొత్తం ఎందుకు అని కౌంటరులో అమ్మాయి అడిగింది. మనవరాలి పెళ్లి అని వాళ్లు నేర్పిన మాటే చెప్పారు. డబ్బు సంగతి ఎంత చెప్పినా స్థిరంగానే చెప్పే పెదనాన్న, ఆ అబద్ధం దగ్గరికి వచ్చేసరికి గొంతు సవరించుకుంటారు. ఆ అమ్మాయిని నేను తప్పుపట్టను, ఆమె వెనుక ఇరవై మంది క్యూ ఉంటుంది. అయితే జీవితంలో ఎన్నడూ పంపని ఖాతాకు 73 ఏళ్ల మనిషి ఉన్నదంతా ఊడ్చి పంపుతుంటే, ఆ డబ్బు ఒక్క రోజు ఆగి వెళితే ఎవరి కొంప మునుగుతుంది?

చదువుకున్నాయన ఎలా నమ్మాడని బంధువులందరూ అడిగారు. 2024లోనే లుధియానాకు చెందిన వర్ధమాన్ గ్రూపు అధినేత ఎస్.పి. ఓస్వాల్ ఇదే తరహాలో ఏడు కోట్లు పంపారు. ఆయనకు 82 ఏళ్లు, పిలిస్తే పలికే లాయర్లకు కొదవ లేదు, అయినా దొంగలు వీడియోలో సుప్రీంకోర్టు విచారణనే నడిపి, ప్రధాన న్యాయమూర్తి పేరుతో ఆదేశాలిచ్చారు. త్వరగా ఫిర్యాదు అందడం వల్ల అందులో ఐదు కోట్లకు పైగా వెనక్కి వచ్చింది. కనుక ఇది తెలివికి సంబంధించిన విషయం కాదని నా అభిప్రాయం. సర్కారు కాగితం వస్తే లేచి నిలబడే తరం అది. ఆ మర్యాదనే వాళ్లు వాడుకున్నారు. మన చట్టంలో అరెస్టు అంటే పోలీసు ఎదురుగా వచ్చి మనిషిని తాకడమో నిర్బంధించడమో జరగాలని, తెర మీద అరెస్టు అనేదే లేదని పెదనాన్నకు ఎవరు చెప్పారు? హాజరు కమ్మని ఇచ్చే నోటీసును సైతం పోలీసులు వాట్సాప్‌లో పంపకూడదని సుప్రీంకోర్టు 2025 జనవరిలో స్పష్టం చేసింది. మా ఇంటికి అది ఒక నెల ఆలస్యం.

మూడో రోజు లైన్‌లోకి వచ్చిన ఒక కుర్రాడు తెలుగులో, అదీ మన గోదావరి యాసలో, “మీరేం కంగారు పడకండి మాస్టారూ, సారుతో నేను మాట్లాడతానుగా” అన్నాడట. పెదనాన్నకు అప్పుడు ప్రాణం లేచివచ్చినట్టయింది. నాకు ఆ కుర్రాడి గురించి ఆలోచన పోలేదు. 2024 మే నెలలో విశాఖ పోలీసులు, డేటా ఎంట్రీ ఉద్యోగాలని చెప్పి మన కుర్రాళ్లను కంబోడియాకు పంపిన ఏజెంట్లను అరెస్టు చేశారు. అక్కడికి చేరినవారి పాస్‌పోర్టులు లాక్కుని, మన దేశంలోని వాళ్లకే ఫోన్లు చేయించి దోచుకునే పనిలో పెట్టారు. పెదనాన్నను మాస్టారూ అని పిలిచినవాడు దొంగో, బందీయో నేను చెప్పలేను.

అసలు గుట్టు బయటపడింది పెద్దమ్మ గాజుల వల్ల. డిపాజిట్లు అయిపోయాక, బంగారం మీద లోను తీసుకోమన్నారు. ఆవిడ చేతి గాజులు ఆవిడకు చెప్పకుండా తీసుకునే దారి లేదు. ఐదు రోజులుగా గది గుమ్మం దగ్గర కాఫీ పెట్టి వెళ్లిపోతున్న పెద్దమ్మ, మధ్యాహ్నం పెరట్లోకి వెళ్లి నాకు ఫోన్ చేసి, “మీ పెదనాన్న గాజులు అడుగుతున్నార్రా, కారణం చెప్పడం లేదు, మనిషి మనిషిలా లేరు” అంది. నేను వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేశాను. అప్పటికి మొదటి విడత డబ్బు వెళ్లి నాలుగు రోజులు. అది దొంగలు ఇతరుల పేర్ల మీద వాడుకునే అద్దె ఖాతాల గుండా ఒకదాని నుంచి ఇంకోదానికి ముక్కలై వెళ్లిపోయింది; ఒక ఖాతాలో మిగిలిన 1,84,000 రూపాయలు మాత్రం ఆపగలిగారు. దాన్ని విడిపించుకోవడానికి కోర్టులో పిటిషను వేశాము. గంటల్లో ఫోన్ చేసినవాళ్లకు ఆ నంబరు పనిచేస్తుంది, మాకు రోజులు పట్టింది.

డాలస్‌లో ఉన్న అన్నయ్య సంగతి తెలియగానే ఫోన్ చేసి, “నాన్నా, అసలు బుద్ధుందా మీకు” అన్నాడు. నేనూ పెద్ద గొప్పగా ఏమీ మాట్లాడలేదు, ఒక్కసారి నన్ను అడగలేకపోయారా అని రెండు మూడుసార్లు అన్నాను. ఆ తరువాత పదిహేను రోజులు పెదనాన్న ఎవరి ఫోనూ ఎత్తలేదు. అన్నయ్యకు తెలియనిది ఏమిటంటే, ఎవరికైనా చెబితే మీ అబ్బాయి వీసా రద్దవుతుందని మొదటి రోజే బెదిరించారు. నోట్‌బుక్ రెండో పేజీలో ఉంది: “కుమారునికి తెలియపరచరాదు. అతని ఉద్యోగమునకు భంగము.” ఆ పేజీ ఫోటో తీసి అన్నయ్యకు పంపాను. జవాబు రాలేదు, సంక్రాంతికి మాత్రం టిక్కెట్టు కొనుక్కుని వచ్చాడు.

2025 డిసెంబరులో సుప్రీంకోర్టు, అంబాలాకు చెందిన ఒక వృద్ధ దంపతుల ఫిర్యాదుతో తానుగా చేపట్టిన విచారణలో, దేశమంతటా ఇలాంటి కేసుల దర్యాప్తును సీబీఐకి అప్పగించింది. ఆ వార్త పేపరులో వచ్చిన రోజు పెదనాన్నకు చదివి వినిపించాను. “ఇది నిజం సీబీఐయేనా?” అని అడిగారు.

లాంగ్‌నోట్‌బుక్ ఇప్పుడు పోలీసుల దగ్గర సాక్ష్యంగా ఉంది. దాన్ని తీసుకువెళ్లే రోజున పెదనాన్న రసీదు రాయించుకుని, వెనుక పేజీల్లో పాల లెక్క ఉంది, జాగ్రత్త అని చెప్పారు. అది ఇంకా తిరిగి రాలేదు. పెద్దమ్మ పాల లెక్కను వంటింటి క్యాలెండరు మీద వేస్తోంది.