అకౌంట్ తీసేస్తే అత్తయ్యగారికి ఏం చెప్పాలి?

ఫేస్‌బుక్ అకౌంట్ డిలీట్ చెయ్యాలా వద్దా అని అడిగితే, పుట్టినచోటే ఉండిపోయినవాళ్ళు వెంటనే తేల్చేస్తారు: "విసుగొస్తే తీసెయ్, అందులో ఏముంది?" దేశం దాటి వచ్చి పిల్లల్ని పెంచుతున్నవాళ్ళకి అందులో చాలానే ఉంది. పిల్లకి పళ్ళూడటం, సైకిల్ నేర్చుకోవడం, స్కూల్లో మొదటి రోజు, ఇవన్నీ అమ్మమ్మలూ నానమ్మలూ చూసింది అందులోనే. అకౌంట్ పేరుకే నాది. చూసేది వాళ్ళు, కనిపించేది పిల్లలు.

మా ఇంట్లో ఈ మాట తెచ్చింది కూడా నేను కాదు, మా అమ్మాయి. క్లాసులో ఎవరో నా పేరు వెతికి, దాని చిన్నప్పటి ఫొటోలు బయటికి తీసి అందరికీ చూపించారట. ఇంటికొచ్చి "నావన్నీ తీసెయ్యమ్మా" అంది. కోపంగా కూడా కాదు, గుమ్మంలో అడ్డంగా ఉన్న చెప్పులు తియ్యమన్నంత మామూలుగా.

ఏవి తియ్యాలో నువ్వే చెప్పమని పక్కన కూర్చోబెట్టుకున్నాను. ఇబ్బంది పడుతుందని నేననుకున్న ఫొటోలేవీ తనని ఇబ్బంది పెట్టలేదు. ముఖమంతా రంగులు పూసుకున్నదీ, నేలమీద దొర్లి ఏడుస్తున్నదీ చూసి పడీపడీ నవ్వింది. ఒక వీడియో దగ్గర ఆగిపోయింది. నాలుగేళ్ళ వయసులో తనచేత తెలుగులో మాట్లాడించి తీసినది. "అమ్మ వచ్చాడు, నాన్న వెళ్ళింది" అంటోంది అందులో. కింద బంధువులంతా నవ్వు బొమ్మలు పెట్టారు. "దొరసాని తెలుగు", "ఇంకోసారి అనిపించు", "ఎంత ముద్దొస్తోందో". అన్నీ ప్రేమతో రాసినవే, నాకు ఇప్పటికీ వాటిలో తప్పు కనపడదు. కాకపోతే మనవాళ్ళు తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో టైప్ చేస్తారు కదా. తెలుగు అక్షరాలు కూడబలుక్కుని చదివే పిల్ల ఆ కామెంట్లు మాత్రం గడగడా చదివేసింది. "నేను మాట్లాడితే అందరూ నవ్వేవాళ్ళా?" అని అడిగింది. ఫోన్‌లో నానమ్మతో రెండు మాటలు తెలుగులో అని మూడోదానికి ఇంగ్లీషులోకి జారుకునే పిల్ల అది.

ఇక్కడి పిల్లలకి చిన్నప్పుడే అలవాటవుతుంది, తమ ఫొటో ఎవరైనా పెట్టాలంటే తమని అడగాలని. మన ఇళ్ళల్లో పిల్లల ఫొటో ఇంటిల్లిపాదిదీ. పెదనాన్న దాన్ని నలుగురికీ పంపడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, అడగమంటే ఆయనే నొచ్చుకుంటాడు. ఆ ఆప్యాయత నాకు కావాలి, పిల్లలకీ కావాలి. కానీ ఫొటోలో ఉన్నది పెదనాన్న కాదు. అందుకని నేను పిల్ల పక్షం.

చట్టాలు ఏమంటున్నాయో చూస్తే, వయసు దగ్గరే ఒక్కో దేశానిది ఒక్కో దారి. అమెరికాలో 13 ఏళ్ళలోపు పిల్లల సమాచారం తీసుకోవాలంటే కంపెనీలు తల్లిదండ్రుల్ని అడగాలి. ఆస్ట్రేలియాలో 2025 డిసెంబర్ 10 నుంచి 16 ఏళ్ళలోపు వారికి ప్రధాన సోషల్ మీడియా సంస్థల్లో అకౌంటే ఉండకూడదు. భారత్‌లో 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 నిండేదాకా పిల్లలే అంటుంది. అంటే వేర్వేరు దేశాల్లో ఉన్న మా అక్కచెల్లెళ్ళ పిల్లలు ఒకే ఈడువాళ్ళయినా, ఒకచోట పెద్దవాళ్ళు, ఒకచోట కారు. ఇవన్నీ కంపెనీలకి పెట్టిన షరతులు. తల్లిదండ్రులు పెట్టే ఫొటోల సంగతి ఫ్రాన్స్ పట్టించుకుంది. పిల్లల ఫొటోల విషయంలో వాళ్ళ వయసుని బట్టి వాళ్ళని కూడా కలుపుకుని నిర్ణయించాలని 2024 ఫిబ్రవరిలో చట్టం చేసింది. మేం ఉండేది ఫ్రాన్స్‌లో కాదు గానీ, ఆ మాట నాకు నచ్చింది.

"అన్నీ నీకు మాత్రమే కనిపించేలా 'ఓన్లీ మీ' చేసేస్తే పోదా?" అన్నారు మా ఆయన. కొందరికి అది సరిపోతుంది. పాత పోస్టులన్నిటినీ ఒకేసారి స్నేహితులకి మాత్రమే కనిపించేలా మార్చే వీలు కూడా ఉంది. కానీ నా స్నేహితుల జాబితాలో పాత ఆఫీసువాళ్ళున్నారు, ఎవరి పెళ్ళిలోనో ఒక్కసారి పలకరించినవాళ్ళున్నారు, అసలు ఎవరో గుర్తురానివాళ్ళున్నారు. పిల్ల ఎదుగుదల వీళ్ళందరికీ ఎందుకు? పైగా బంధువులు అడిగితే నేను మెత్తబడి మళ్ళీ పెడతానని నాకు తెలుసు.

ముందు డీయాక్టివేట్ చేసి చూశాను. చాలామంది దీన్నే డిలీట్ అనుకుంటారు. డీయాక్టివేట్ చేస్తే ప్రొఫైల్ కనిపించదు గానీ మన సమాచారమంతా కంపెనీ దగ్గర అలాగే ఉంటుంది. మెసెంజర్ కూడా వాడుకోవచ్చు. మళ్ళీ లాగిన్ అయితే చాలు, అన్నీ తిరిగొస్తాయి. ఫేస్‌బుక్ అకౌంట్‌తో వేరే యాప్‌లోకి లాగిన్ అయినా తిరిగొస్తాయి. నాది అలాగే తిరిగొచ్చింది, పిల్లల సంగీతం క్లాసు యాప్ పుణ్యమా అని.

ఈలోగా అక్కడ పెద్ద గొడవైపోయింది. ప్రొఫైల్ మాయమైతే మనం మూసేశామా, వాళ్ళని బ్లాక్ చేశామా అన్నది అవతలివాళ్ళకి తెలియదు. అత్తయ్యగారు నన్ను అడగలేదు. ఆడపడుచుకి ఫోన్ చేశారు. ఆవిడ మా ఆయనకి చేసింది: "అమ్మని బ్లాక్ చేసిందటగా మీ ఆవిడ, ఏమైందిరా?" నేనే ఫోన్ చేసి సంగతంతా చెబితే, "పోన్లేమ్మా, మావల్ల ఏదైనా మాట తూలిందేమోనని టెన్షన్ పడ్డాను" అన్నారు. ఒక ఊళ్ళో ఉన్నవాళ్ళయితే సాయంత్రానికల్లా ఎదురుపడి తేల్చుకునేవారు. ఇంత దూరంలో ఉన్నవాళ్ళు ఫోన్‌లో కనిపించకపోతే మనసులు విరిగినట్టే లెక్క.

అందుకే డిలీట్ చేసే ముందు చెయ్యాల్సిన పనుల్లో నేను మొదట పెట్టేది ఫోన్లు చెయ్యడం. పోస్ట్ పెడితే కుదరదు, పెద్దవాళ్ళు దాన్ని చూడరు, చూసినా తమకి కాదనుకుంటారు. మొదట అత్తయ్యగారికి, తర్వాత అమ్మకి, ఆపైన పెద్ద వరసవాళ్ళకి చెప్పాను. ఫొటోలు ఇకమీదట ఎక్కడ చూడాలో కూడా అప్పుడే చెప్పాలి. మేం ఇంటివాళ్ళకి మాత్రమే కనిపించే షేర్డ్ ఆల్బమ్ ఒకటి పెట్టాం. అందులో ఏది పడాలో అమ్మాయి ఇష్టం.

తర్వాత, ఫేస్‌బుక్‌తో లాగిన్ అయ్యే యాప్‌లన్నిటికీ ఈమెయిల్, పాస్‌వర్డ్ మార్చుకున్నాను. వారాంతపు తెలుగు తరగతి పేజీకి నేనొక్కదాన్నే అడ్మిన్‌ని. అలాంటి పేజీ మన అకౌంట్‌తోపాటే పోతుంది, కాబట్టి ఇంకొకరికి పూర్తి అధికారం ఇచ్చాకే బయటపడాలి.

ఇక దాచుకోవడం. సెట్టింగ్స్‌లో మన సమాచారం మొత్తం డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. హెచ్‌టీఎంఎల్ రూపంలో అడిగితే బ్రౌజర్‌లో హాయిగా తెరిచి చూసుకోవచ్చు. రెండోది జేసన్, వేరే సర్వీసులోకి ఎక్కించుకోవడానికి. ఫొటోల క్వాలిటీ 'హై' అని పెట్టడం మరవకూడదు. ఫైల్ సిద్ధమైందని కబురు రాగానే దించుకోవాలి, కొద్దిరోజులు పోతే మళ్ళీ అడగాల్సిందే.

నేను పెట్టినవన్నీ ఆ ఫైల్‌లో వచ్చాయి. వాటికింద ఇతరులు రాసినవి రాలేదు. మా నాన్న పోయి కొన్నేళ్ళయింది. మనవరాలి ప్రతి ఫొటో కిందా ఆయన "శుభం" అని రాసి, ఫేస్‌బుక్ పేరు చూపిస్తుందని చెప్పినా వినకుండా, ఇంటిపేరుతో సహా తన పేరు రాసేవారు. వాటిని ఒక్కొక్కటిగా స్క్రీన్‌షాట్ తీసి పెట్టాను. పెద్దవాళ్ళని పోగొట్టుకున్న ఇళ్ళవాళ్ళు ఈ పని చెయ్యకుండా మాత్రం డిలీట్ నొక్కొద్దు.

నొక్కడం చిన్న పనే. సెట్టింగ్స్‌లోని అకౌంట్స్ సెంటర్‌లో పర్సనల్ డీటెయిల్స్, దాంట్లో అకౌంట్ ఓనర్‌షిప్ అండ్ కంట్రోల్. డిలీట్ ఎంచుకున్నాక 30 రోజులు గడువు ఉంటుంది, ఆలోగా మనసు మారితే లాగిన్ అయి రద్దు చేసుకోవచ్చు. ఫోన్‌లో ఆ యాప్ కూడా తీసేస్తే చెయ్యి అటు పోదు. ఆ గడువు దాటాక మనం పెట్టినవన్నీ తీసెయ్యడానికి కంపెనీకి 90 రోజులదాకా పట్టొచ్చు.

అయినా అన్నీ పోవు. మనం పంపిన మెసేజ్‌లు అవతలివాళ్ళ ఇన్‌బాక్స్‌లో ఉంటాయి. వాళ్ళు దించుకుని తమ అకౌంట్లలో పెట్టుకున్న ఫొటోలు మన డిలీట్‌తో కదలవు, వాళ్ళనే అడగాలి. మా పిన్ని వాట్సాప్ డీపీగా మా అమ్మాయి ఫొటోనే పెట్టుకుంది. నేను మాట్లాడతానంటే అమ్మాయి వద్దని తనే ఫోన్ చేసింది. తప్పుల తడకగానే అయినా మొత్తం తెలుగులోనే మాట్లాడింది. పిన్ని నవ్వింది, తీసేసింది, బదులుగా ఇప్పటి ఫొటో ఒకటి ఇమ్మంది. అమ్మాయి ఎంచి మరీ పంపింది. అది డీపీగా ఉండొచ్చట, తను ఒప్పుకుంది కాబట్టి.

నా ఇన్‌స్టాగ్రామ్ సంగతి ఇంకా తేలలేదు. అందులో పిల్లలు లేరు, అన్నీ నా ఫొటోలే, కాబట్టి ఉంచాలా తియ్యాలా అన్నది నా ఇష్టం అంటాను నేను. అందులో నేను వేసుకున్న బట్టల్లో సగం తనవని అమ్మాయి వాదన.