మాది 2024 బ్యాచ్

బీటెక్ అయిపోయినవాళ్లని ఇప్పుడు ఎవరూ ఎంత పర్సంటేజీ అని అడగట్లేదు, ఏ బ్యాచ్ అని అడుగుతున్నారు. ఉద్యోగ ప్రకటన చూడండి, బీఈ, బీటెక్, ఎంసీఏ, ఏ బ్రాంచి అయినా పర్లేదు, బ్యాక్‌లాగ్స్ ఉండకూడదు అని రాసుకుంటూ వచ్చి చివర్లో '2025 పాస్డ్ అవుట్ మాత్రమే' అని పెడతారు. నేను 2024. అనంతపురం, ఈసీఈ (ఎలక్ట్రానిక్స్) బ్రాంచి, ఒక్క సప్లీ కూడా లేదు. మందు సీసా మీద డేటు కొట్టినట్టు మా మార్కుల మెమో మీద కూడా ఒక ఎక్స్‌పైరీ కొట్టి పంపించారని బయటికొచ్చాకే తెలిసింది.

మేం చేరింది 2020లో. కరోనా వల్ల ఫస్టియర్ చాలావరకు ఫోన్లోనే గడిచిపోయింది, పల్లెల్లో ఉన్నవాళ్లు సిగ్నల్ కోసం మిద్దెక్కి పాఠాలు విన్నారు. ఆ రోజుల్లోనే సీనియర్లకు ఎప్పుడూ లేనన్ని ఉద్యోగాలు వచ్చాయి. 2021-22లో ఒక్క టీసీఎస్సే లక్ష మంది ఫ్రెషర్లను తీసుకుంది, ఇన్ఫోసిస్ 85 వేల మందిని తీసుకుంది. ఒక్కొక్కరి చేతిలో రెండు మూడు ఆఫర్ లెటర్లు, కాలేజీ గేటు దగ్గర వాళ్ల ఫొటోలతో ఫ్లెక్సీలు. అవి చూసుకుంటూ క్లాసులకు పోయినవాళ్లం మేము. ఫైనలియర్‌కి వచ్చేసరికి అమెరికాలో వడ్డీ రేట్లు పెరిగిపోయి, అక్కడి క్లయింట్లు ఖర్చులు తగ్గించుకుని, 2023-24 ముగిసేనాటికి టీసీఎస్‌లో ఉద్యోగులు 13 వేల పైచిలుకు, ఇన్ఫోసిస్‌లో దాదాపు 26 వేలు తగ్గారు. మానేసి పోయినవాళ్ల స్థానాలు కూడా నింపలేదన్నమాట, ఇంక మమ్మల్ని ఎవరు పిలుస్తారు?

లెక్కలు ఇంత తేటగా ఉన్నా, మా గురించి ఎవరు నోరు తెరిచినా 'ఈ పిల్లలకు స్కిల్స్ లేవండీ' అంటారు. నాకు మండేది అక్కడే. మా సీనియర్లు చదివిందీ ఇవే ల్యాబుల్లోనే, సిగ్నల్స్ చూపించే, సగం పనిచేయని ఆ సీఆర్‌ఓ మిషన్ల ముందే, పరీక్షకు ముందు రోజు జెరాక్స్ షాపులో కొన్న అవే నోట్సులతోనే. వాళ్లకేం కోడింగ్ వచ్చి చేరారా? చేర్చుకున్నాక నెలల తరబడి కంపెనీయే నేర్పించుకుంది. ఇప్పుడు మాత్రం ఫ్రెషర్ కావాలంటారు, మళ్లీ ప్రాజెక్టు అనుభవం ఏదీ అంటారు.

మాకు ఇంకో తలనొప్పి కూడా ఉండింది. గవర్నమెంటు ఇవ్వాల్సిన ఫీజు రీయింబర్స్‌మెంట్ డబ్బులు పడలేదు, ఆ బకాయి మీరు కడితేనే ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇస్తామని కాలేజీ వాళ్లు పట్టుకుని కూర్చున్నారు. నాయన బుడ్డలు (వేరుశనగ) అమ్మాక కట్టి తెచ్చాడు. అప్పటిదాకా ఏ డ్రైవ్‌కు పోయినా వెరిఫికేషన్ దగ్గర ఏం చూపించాలో అని టెన్షనే.

ఇక్కడి నుంచి బెంగళూరు రెండొందల కిలోమీటర్ల పైచిలుకే కాబట్టి అందరి సలహా ఒక్కటే, పోయి అక్కడుండి వెతుక్కో. మా క్లాసు అబ్బాయిలు చాలామంది మారతహళ్లి, బీటీఎం వైపు పీజీ హాస్టళ్లలో చేరారు. పీజీ అద్దె, ఏదో ఒక కోర్సు ఫీజు, తిరిగే ఖర్చులు, అన్నీ ఇంటి నుంచి పోవాల్సిందే. కొన్నాళ్లకు ఎవడో ఒకడు ఫోన్ చేస్తాడు, డబ్బు కడితే రెండేళ్ల దొంగ ఎక్స్‌పీరియన్స్ పెట్టిస్తాం, శాలరీ స్లిప్పులు మేమే ఇస్తాం అని. పీఎఫ్ హిస్టరీ చూస్తే వెరిఫికేషన్‌లో దొరికిపోతారు, ఉద్యోగమూ పోతుంది, కట్టిన డబ్బూ పోతుంది. అయినా కట్టినవాళ్లు ఉన్నారు. వాళ్లని తిట్టడానికి నాకైతే నోరు రావట్లేదు.

నన్ను పంపడానికి ఇంట్లో తటపటాయిస్తుంటే మా పెద్దమ్మ ఒక దారి చెప్పింది, 'బెంగళూరు సంబంధమే చూద్దాంలే, పెళ్లయినాక ఆడే చేసుకుంటుంది ఉద్యోగం' అని. అది జోక్ కాదు, సీరియస్‌గానే అనింది.

గవర్నమెంటు ఉద్యోగాలకు బ్యాచ్ గొడవ లేదు, నిజమే. కానీ కానిస్టేబుల్ నోటిఫికేషన్ (6,100 పోస్టులు) 2022 నవంబరులో వచ్చింది, అప్పటికి మేం బీటెక్ సగంలో ఉన్నాం, దాని తుది రాతపరీక్ష జరిగింది 2025 జూన్‌లో. గ్రూప్-2 కూడా అంతే, 2023 డిసెంబరులో 897 పోస్టులకు వేస్తే మెయిన్స్ 2025 ఫిబ్రవరిలో పెట్టారు. ఆ మధ్య కాలమంతా కోచింగ్, రూము అద్దె, స్టడీ హాలు ఫీజు ఎవరు భరించాలి? 'పెనుకొండ దగ్గర కియా ఉంది కదా' అనేవాళ్లకి ఒక నమస్కారం. లైన్ మీద పనికి ఎక్కువగా డిప్లొమా, ఐటీఐ వాళ్లని చూస్తారండీ.

ఈమధ్య కేంద్ర ప్రభుత్వ అప్రెంటిస్‌షిప్ పోర్టల్ 'నాట్స్'లో అప్రెంటిస్‌గా రిజిస్టర్ చేసుకున్నాను. 2019 రూల్స్‌లో గ్రాడ్యుయేట్‌కు నెలకు కనీసం 9 వేల స్టైపెండ్ అని పెట్టారు. ఏడాది అయ్యాక కంపెనీ ఉద్యోగంలోకి తీసుకోవాలన్న రూలేమీ లేదు, కాకపోతే గ్యాప్ ఎందుకొచ్చిందని అడిగితే చెప్పుకోవడానికి ఏదో ఒకటి ఉంటుంది. నాయనకు చెప్తే 'బెంగళూరులో అయితే హాస్టల్‌కే చాలదు కదమ్మా' అన్నాడు. అందుకే ముందు హిందూపురం వైపు ఫ్యాక్టరీలకు అప్లై చేస్తున్నా.