మిన్నెసోటా హాకీ: పిల్లల్ని ఐస్ మీదికి పంపే ముందు

ఈడెన్ ప్రయరీ, మేపుల్ గ్రోవ్, వుడ్‌బరీ వైపు స్థిరపడిన తెలుగు ఇళ్లలో పిల్లలు ఒకటో తరగతికో రెండో తరగతికో వచ్చేసరికి హాకీ మాట రానే వస్తుంది. మనవాళ్లు ముందు ఖర్చు లెక్క వేస్తారు. వేయాల్సిందే. అయితే ఈ ఆట ఈ రాష్ట్రంలో ఊరుమ్మడి ఆట ఎలా అయిందో తెలియకపోతే చాలా సంగతులు వింతగానే ఉండిపోతాయి. సెలెక్షన్లు సరిగ్గా బతుకమ్మ, దసరా రోజుల్లోనే ఎందుకు పడతాయి? పక్క ఊరి జట్టు బాగుందని అందులో చేరుస్తామంటే ఎందుకు ఒప్పుకోరు? ఫీజు కట్టాక కూడా అమ్మానాన్నలు పాప్‌కార్న్ కౌంటర్‌లో ఎందుకు నిలబడాలి?

కెనడా నుంచి ఆట 19వ శతాబ్దం చివర్లోనే సెయింట్ పాల్, మినియాపొలిస్‌లకు దిగింది. కానీ అది లోతుగా వేళ్లూనుకున్నది ఉత్తరాన, మెసాబి ఇనుప గనుల ప్రాంతంలో. ఎవలెత్ అనే చిన్న గని ఊళ్లో 1922లో హిప్పోడ్రోమ్ అనే రింక్ (ఐస్ మైదానం) కట్టారు. గనుల్లో పనికి వచ్చినవాళ్లు ఇటలీ, స్లొవేనియా, క్రొయేషియా, ఫిన్లాండ్ నుంచి వలస వచ్చినవాళ్లు. వాళ్ల పిల్లలే ఆ రింక్ మీద పెరిగారు. స్లొవేనియా మూలాలున్న ఫ్రాంక్ బ్రిమ్‌సెక్ 1938-39లో బోస్టన్ గోలీగా (గోల్ కాపలాదారుగా) తన మొదటి సీజన్‌లోనే 10 మ్యాచ్‌లలో ఒక్క గోల్ కూడా ఇవ్వలేదు. ‘మిస్టర్ జీరో’ అన్న పేరు అలా వచ్చిందే. ఇటలీ మూలాలున్న శామ్ లొప్రెస్టీ 1941 మార్చి 4న షికాగో తరఫున ఒకే మ్యాచ్‌లో 83 షాట్లు ఎదుర్కొని 80 ఆపాడు, అయినా జట్టు 3-2 తేడాతో ఓడిపోయింది. ఎన్‌హెచ్‌ఎల్ (ప్రొఫెషనల్ హాకీ లీగ్) దాదాపు పూర్తిగా కెనడా వాళ్ల చేతిలో ఉన్న కాలమది. ఆ రోజుల్లో ఒక్క గని ఊరు ఇంతమందిని పంపింది కాబట్టే, 1973లో అమెరికా హాకీ హాల్ ఆఫ్ ఫేమ్‌ని తీసుకెళ్లి ఎవలెత్‌లో పెట్టారు. వేసవిలో డులూత్ దాకా వెళ్లే కుటుంబాలు ఇంకో గంట ఉత్తరానికి నడిపితే చూడవచ్చు. వలస వచ్చిన ఇళ్ల పిల్లల పేర్లే ఆ గోడల మీద కనిపిస్తాయి. ‘ఇది మన ఆట కాదు కదా’ అనే పిల్లలకు ఉపన్యాసం ఇవ్వడం కన్నా ఆ పేర్లు చదివించడం నయం.

అదే ఊరి జాన్ మరూచీ 1952 నుంచి 1966 దాకా మిన్నెసోటా యూనివర్సిటీ జట్టుకు కోచ్. కెనడా నుంచి పెద్ద వయసు ఆటగాళ్లను తెచ్చుకునే పద్ధతి కాలేజీలంతటా నడుస్తుంటే, ఆయన ఈ రాష్ట్రపు కుర్రాళ్లతోనే ఆడిస్తానని పట్టుబట్టాడు. అలా పట్టుబట్టగలిగాడంటే కింద హైస్కూళ్లలో ఆట గట్టిగా ఉండటమే కారణం. రాష్ట్ర హైస్కూల్ టోర్నమెంట్ 1945లో సెయింట్ పాల్‌లో మొదలైంది. మొదటి కప్పు ఎవలెత్‌దే. మళ్లీ 1948 నుంచి 1951 దాకా వరసగా నాలుగుసార్లు వాళ్లే గెలిచారు. 1951 టోర్నమెంట్ ఒక్కదానిలోనే జాన్ మయాసిచ్ 15 గోల్స్ కొట్టాడు. ఎవలెత్ గోలీ విలార్డ్ ఐకోలా తర్వాత మినియాపొలిస్ పక్కనున్న ఎడైనాకు కోచ్‌గా వచ్చి ఎనిమిది రాష్ట్ర టైటిళ్లు గెలిపించాడు. గని ఊళ్ల ఆట శివారు కాలనీలకు దిగిన దారి అది. ఇవాళ మనవాళ్లు ఇళ్లు కొనుక్కునేది ఆ శివార్లలోనే.

ఒలింపిక్స్ సంగతి చాలామందికి తెలుసు. 1980 ఫిబ్రవరి 22న లేక్ ప్లాసిడ్‌లో సోవియట్ జట్టును 4-3తో ఓడించిన అమెరికా జట్టులో 20 మందికి 12 మంది మిన్నెసోటా వాళ్లు. కోచ్ హెర్బ్ బ్రూక్స్ సెయింట్ పాల్ మనిషి. కెనడా సరిహద్దులో రెండు వేల జనాభా కూడా లేని వారోడ్ ఊరి క్రిస్టియన్ కుటుంబం 1960 స్వర్ణ జట్టులో ఇద్దరు అన్నదమ్ముల్ని, 1980 స్వర్ణ జట్టులో వాళ్లలో ఒకరి కొడుకుని ఇచ్చింది.

దీన్నంతా నిలబెట్టిన ఏర్పాటు ఒకటుంది, తల్లిదండ్రులకు నేరుగా తగిలేది అదే. వేరే చాలా రాష్ట్రాల్లో పిల్లల హాకీ ప్రైవేటు క్లబ్బుల వ్యాపారం. ఇక్కడ ఊరికో అసోసియేషన్. స్వచ్ఛంద సేవకులు నడుపుతారు, పిల్లలు ఆ ఊరి హైస్కూల్ జట్టు దాకా అదే దారిన వెళ్తారు. మీ చిరునామాను బట్టి (కొన్ని సందర్భాల్లో చదివే స్కూలును బట్టి) మీ అసోసియేషన్ ఏదో తేలుతుంది. అందుకే పక్క ఊళ్లోకి మారడం తేలిక కాదు. ఇల్లు మారే ఆలోచన ఉంటే రిజిస్ట్రేషన్‌కు ముందే అడిగి తెలుసుకోండి. మధ్యలో మారితే రిలీజు కాగితాల గొడవ. స్వచ్ఛంద సేవ కూడా మాట వరసకు కాదు. చాలాచోట్ల ‘డిబ్స్’ అంటారు: సీజన్‌కు ఇన్ని గంటలు స్కోరు క్లాక్ దగ్గరో, పెనాల్టీ బాక్సు తలుపు దగ్గరో, కౌంటర్‌లోనో పని చెయ్యాలి. ముందే డిపాజిట్ చెక్కు తీసుకుంటారు, గంటలు పూర్తి కాకపోతే బ్యాంకులో వేసేస్తారు. మనవాళ్లు దీన్ని వాయిదా వేసి, చివరికి జనవరిలో మిగిలిన తెల్లవారుజాము షిఫ్టులకు దొరికిపోతారు. స్లాట్లు తెరిచిన రోజే స్కోర్ షీటు పని పట్టుకోండి. కూర్చుని చేసేది, ఆట రూల్సు కూడా వంటబడతాయి.

ఇక క్యాలెండర్. పదేళ్ల లోపు గుంపు, ఆపై గుంపుల సెలెక్షన్లు సెప్టెంబరు చివర, అక్టోబరులో పడతాయి. దసరా, దీపావళి ఆ చుట్టుపక్కలే. వారాంతపు టోర్నమెంట్లు జనవరిలో కిక్కిరిసి ఉంటాయి, సంక్రాంతి అక్కడే ఉంటుంది. అమ్మాయిల రాష్ట్ర టోర్నమెంట్ ఫిబ్రవరి చివర, అబ్బాయిలది మార్చి మొదట్లో. ఉగాది ఒక్కటే హాయిగా బయటపడుతుంది. సెలెక్షన్ రోజు మానితే ఆ ఏడాది జట్టు స్థాయి మీద దెబ్బ పడుతుంది. మామూలు ప్రాక్టీసు ఒకటి మానితే ఏమీ కాదు. పండగ తేదీలు సీజన్ మొదట్లోనే కోచ్‌కి రాసి పంపండి. చాలామంది కోచ్‌లు సర్దుతారు, ముందురోజు రాత్రి మెసేజ్ పెడితేనే ముఖం మాడ్చుకుంటారు. శని, ఆదివారాల్లో తెలుగు బడి ఉంటే రెండూ ఢీకొట్టక తప్పదు. అక్టోబరు నుంచి మార్చి దాకా బడికి అరకొరగానే వెళ్తారని ఒప్పుకుని, చదివించాల్సింది ఏప్రిల్-సెప్టెంబరుల్లో ఎక్కువ పెట్టుకోవడం మేలు. రెండూ నూటికి నూరు పాళ్లు జరగాలని పట్టుబట్టే ఇళ్లలో సాధారణంగా తెలుగే ముందు పోతుంది.

ఎనిమిదో, తొమ్మిదో ఏట ఇండియా నుంచి వచ్చిన పిల్లలు ఆలస్యమైపోయిందని బెంగపడనక్కర్లేదు. జట్లకు ఎ, బి, సి స్థాయిలుంటాయి, కొత్తవాళ్లు సి జట్టులో మొదలుపెట్టవచ్చు. కానీ స్కేటింగ్ రాకుండా నేరుగా హాకీలో వేయకండి. ముందు ఊరి రింక్‌లో స్కేటింగ్ తరగతులు ఒక సీజన్. మొదట నేర్పాల్సింది పడటం, లేవటం. పక్కకు పడి, మోకాళ్ల మీదికొచ్చి, ఒక పాదం ముందుకు పెట్టి, రెండు చేతులు ఆ మోకాలి మీద ఆనించి లేవాలి. అరచేతులు ఐస్ మీద ఆనించి లేవబోతే పక్కవాళ్ల బ్లేడు వేళ్ల మీదికి వస్తుంది.

సామాన్లలో డబ్బు పెట్టాల్సింది స్కేట్లకే. మనవాళ్లు ఎక్కువగా బోల్తా పడేదీ ఇక్కడే: ‘ఎదిగే వయసు కదా’ అని రెండు సైజులు పెద్దవి కొంటారు. పాదం లోపల కదిలిందంటే మడమ లేస్తుంది, చీలమండ లోపలికి వాలిపోతుంది, పిల్లలు బ్లేడు అంచు మీద నిలవలేరు. కాళ్లు బలంగా లేవనుకుంటాం, తప్పు బూటుది. హాకీ స్కేటు సైజు మామూలు బూటు కన్నా దాదాపు 1 నుంచి 1.5 తక్కువ ఉంటుంది. లేసులు వదులు చేసి వేళ్లు ముందు కొసకు ఆనేలా నిలబెట్టి, మడమ వెనక మీ వేలు పెట్టి చూడండి. ఒక వేలు పడితే సరే. రెండు పడితే పెద్దది. తర్వాత మడమను వెనక్కి తన్ని కూర్చోబెట్టి లేసులు కట్టండి: వేళ్ల దగ్గర కాస్త వదులు, పాదం మధ్యలో, మడమ వంపు దగ్గర బిగువు, పైన మోకాలు వంగేంత సడలింపు. మిగిలిన లేసును చీలమండ చుట్టూ తిప్పి కట్టకండి, కాలు వంగదు. లోపల పలచని మేజోళ్లు ఒక్క జతే. మందపాటి ఉన్నివి వేస్తే చెమటకు తడిసి పాదాలు ఇంకా చల్లబడతాయి.

కొత్త స్కేట్లు చాలావరకు పదును లేకుండానే వస్తాయి. పెట్టె విప్పి నేరుగా రింక్‌కి తీసుకెళ్తే పిల్లలు నిలబడనైనా నిలబడలేరు. షాపులో 1/2 అంగుళం పదును (బ్లేడు అడుగున తీసే గాడి వంపు కొలత) అడిగి మొదలుపెట్టండి. సంఖ్య తగ్గేకొద్దీ అంచు ఐస్‌ని గట్టిగా పట్టుకుంటుంది, ఆగడం కష్టమవుతుంది. పెరిగేకొద్దీ జారుడెక్కువ, మలుపుల్లో పట్టు తప్పుతుంది. ఆడాక బ్లేడు పొడిగా తుడిచి బట్ట తొడుగు వేయండి. ప్లాస్టిక్ తొడుగు నడవడానికే. దానిలోనే వదిలేస్తే నీరు నిలిచి రెండు రోజుల్లో తుప్పు.

స్టిక్ చెప్పులు లేకుండా నిలబడితే ముక్కు దాకా, స్కేట్ల మీద గడ్డం దాకా ఉండాలి. కుడిచేతి వాటమా, ఎడమచేతి వాటమా అన్నది నాన్న క్రికెట్ బ్యాటింగ్ చూసి నిర్ణయించకండి. హాకీలో స్టిక్‌ను నడిపేది పై చెయ్యి, కాబట్టి కుడిచేత్తో రాసే పిల్లలు చాలామంది ఎడమవైపు ఆడతారు. స్టిక్ చేతికిచ్చి, ఏమీ చెప్పకుండా ఎలా పట్టుకుంటారో చూడండి. పెద్దవాళ్ల స్టిక్ కోసి పొట్టి చేసి ఇవ్వడం పొదుపు కాదు, కోసేకొద్దీ అది బిరుసెక్కి పిల్లల చేతికి వంగదు.

మిగతావి పాతవి కొనవచ్చు. ఇక్కడి వాళ్లు బ్రీజర్స్ అనే హాకీ ప్యాంటు, మోకాలి కింది గార్డులు, భుజం, మోచేతి ప్యాడ్లు, గ్లవ్స్. హెల్మెట్, ముఖం మీది కేజ్ మాత్రం పాతవైతే హెచ్‌ఈసీసీ (భద్రతా ధ్రువీకరణ సంస్థ) స్టిక్కర్ మీద గడువు తేదీ చూసి తీసుకోండి. మెడకు కోత తగలకుండా వేసుకునే గార్డు 2024 ఆగస్టు 1 నుంచి యూఎస్ఏ హాకీ (దేశంలో ఈ ఆటను నడిపే సంస్థ) పిల్లలందరికీ తప్పనిసరి చేసింది. మెడ దగ్గర దురద పెడుతోందని తీసేస్తారు, ఇంట్లోనే వేయించి అలవాటు చేయండి.

ఇండియా నుంచి అమ్మమ్మా తాతయ్యా వచ్చినప్పుడు మొదటి ప్రశ్న పళ్ల గురించే. నిజం చెప్పాలంటే టీవీలో కనిపించే గుద్దులాట పిల్లల ఆటలో ఉండదు. ఒంటితో ఢీకొట్టడం 14 ఏళ్ల లోపు గుంపులో, అదీ అబ్బాయిల ఆటలోనే మొదలవుతుంది. 12 లోపు గుంపులో దాన్ని 2011లోనే తీసేశారు. అమ్మాయిల ఆటలో ఏ వయసులోనూ లేదు. తలకు దెబ్బ తగిలిన అనుమానం వస్తే పిల్లల్ని ఆట నుంచి తప్పించాలని, వైద్యుల అనుమతి వచ్చాకే మళ్లీ ఆడించాలని ఈ రాష్ట్రంలో 2011 నుంచి చట్టముంది. ఫైనల్ అని కోచ్ మొహమాటపెట్టినా ఒప్పుకోకండి. ‘ఆడపిల్లకు హాకీ ఏమిటి’ అనే పెద్దవాళ్లకు చెప్పండి: హైస్కూల్ అమ్మాయిల హాకీని దేశంలో మొట్టమొదట, 1994లో, అధికారికంగా గుర్తించింది మిన్నెసోటాయే. మహిళల ప్రొఫెషనల్ లీగ్ పీడబ్ల్యూహెచ్‌ఎల్ మొదటి కప్పు 2024లో గెలిచిందీ ఈ రాష్ట్రపు జట్టే. అమ్మాయికి ఇష్టమైతే ఇంతకన్నా మంచి చోటు దొరకదు.

తిండి సంగతి క్లుప్తంగా. ఆటకు రెండు, మూడు గంటల ముందు ఇడ్లీ, పెరుగన్నం బాగా పనిచేస్తాయి. పూరీ, వేపుళ్లు కడుపులో బరువవుతాయి. ఊరు దాటిన టోర్నమెంట్లలో జట్టు భోజనం పిజ్జానే. మాంసం తినని పిల్లలుంటే టీమ్ మేనేజర్‌కు మొదటి వారంలోనే చెప్పండి, హోటల్ గదికి చిన్న రైస్ కుక్కర్ పట్టుకెళ్లండి.

సహజమైన చెరువు ఐస్ మీద ఆడాలని పిల్లలు గోల చేస్తారు. రాష్ట్ర సహజ వనరుల శాఖ చెప్పే లెక్క: మనిషి నడవాలంటే కనీసం 4 అంగుళాల స్పష్టమైన ఐస్. తెల్లగా, మంచు కలిసినట్టుంటే దానికి రెట్టింపు కావాలి. చెరువు అంతటా మందం ఒకేలా ఉండదు. వాగు కలిసేచోట, ఊటల దగ్గర పలచబడుతుంది, ఒక్కచోట తొలిచి చూసి ధైర్యపడకండి. ఊరి పార్కుల్లో నేల మీద నీరు పోసి చేసే రింక్‌లుంటాయి, పక్కనే వెచ్చగా కూర్చునే వార్మింగ్ హౌస్. డబ్బు కట్టక్కర్లేదు, మునిగే భయం లేదు.

మార్చి తర్వాత ఆటను కొన్నాళ్లు పక్కన పెట్టి సాకర్‌కో క్రికెట్‌కో పంపండి. ఏడాది పొడవునా ఐస్ మీదే ఉంచితే విసుగూ వస్తుంది, ఒకే కండరాల మీద భారం పడి గజ్జల్లో నొప్పులూ వస్తాయి. స్కేటింగ్ మరిచిపోతారనుకుంటే ఇన్‌లైన్ స్కేట్లున్నాయి. రోలర్‌బ్లేడ్ కంపెనీ పుట్టిందే మినియాపొలిస్‌లో, హాకీ ఆడే ఓల్సన్ అన్నదమ్ముల చేతిలో, వేసవి ప్రాక్టీసు కోసం. పాత సామాన్ల మార్పిడి మేళాలు చాలా అసోసియేషన్లలో సెలెక్షన్లకు ముందు జరుగుతాయి. అక్కడ స్కేట్లు కొనేటప్పుడు బూటు మెరుపు చూడకండి. బ్లేడు ఉక్కు ఎంత ఎత్తు మిగిలిందో చూడండి. అది అరిగిపోయి ఉంటే ఆ ధరకు రెండు పదునులు కూడా రావు.